యాక్సిడెంట్ తర్వాత పరిహారం: ట్రిబ్యునలా, రాజీయా, లేబర్ ఆఫీసా? తిరుపతి, చిత్తూరు వాళ్ల కోసం

మా పిన్ని కొడుకు 2022లో తెల్లవారుజామున రేణిగుంట నుంచి బైక్ మీద తిరుపతి వస్తుంటే పాల వ్యాన్ తగిలింది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. మూడో రోజు వ్యాన్ ఓనర్ వార్డుకి వచ్చాడు. బట్టల షాపు కవర్‌లో 25 వేలు, దాంతో పాటు మడతపెట్టిన తెల్లకాగితం. "అమ్మా, కేసులు, కోర్టులు అంటే ఏళ్లు పడతాయి. ఈ డబ్బు ఇప్పుడు చేతికి వస్తుంది" అన్నాడు. మరుసటి రోజు ఆపరేషన్‌కి డిపాజిట్ కట్టాలి. పిన్ని సంతకం చేసింది. "నా కొడుకే అదుపు తప్పి పడ్డాడు, ఎవరి మీదా కేసు అక్కర్లేదు" అని ఆ కాగితంలో ఉందని నాకు వారం తర్వాత తెలిసింది.

నాలుగో నెలలో కాల్లో వేసిన రాడ్ దగ్గర చీము పట్టింది. వేలూరులో రెండో ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అప్పుడు పోలీస్ కంప్లైంట్ ఇచ్చి, కేసు కట్టించి, తిరుపతి కోర్టులో ఓపీ (పరిహారం పిటిషన్) వేసేసరికి ఆరు నెలల గడువులో తొమ్మిది రోజులే మిగిలాయి. విచారణలో ఆ తెల్లకాగితం జిరాక్స్ మా ముందు పెట్టారు. ఎఫ్ఐఆర్ అంత ఆలస్యంగా ఎందుకు ఇచ్చారని పిన్నిని అరగంట నిలబెట్టి అడిగారు. పరిహారం వచ్చింది, ఆ 25 వేలు అందులో తగ్గించుకునే ఇచ్చారు. కానీ మేము పడిన టెన్షన్‌లో సగం ఆ ఒక్క సంతకం వల్లే. అందుకే ఇది రాస్తున్నాను.

గాయపడిన మనిషికి డబ్బు వచ్చే దారులు ఐదారు ఉన్నాయి. చాలామంది "ఎంత వస్తుంది?" అని మొదట అడుగుతారు. ఆ ప్రశ్న ఆఖర్న అడగాల్సింది.

ముందు తేల్చుకోవాల్సినవి

మిమ్మల్ని గుద్దిన బండి నంబరు తెలుసా? తెలియకపోతే సగం దారులు అక్కడే మూసుకుపోతాయి. ఆ బండికి ఇన్సూరెన్స్ ఉందా? తప్పు అవతలివాళ్లదని చూపించడానికి సాక్షి, సీసీ కెమెరా ఫుటేజీ, పోలీస్ ఛార్జిషీటు లాంటివి ఏమైనా ఉన్నాయా? ఆ సమయంలో మీరు డ్యూటీలో ఉన్నారా? శ్రీసిటీలో షిఫ్టు చేసే కుర్రాడికి, లోడు తీసుకెళ్తున్న వ్యాన్ డ్రైవర్‌కి, కొండ మీద హోటల్లో పనిచేసే మనిషికి ఈ ప్రశ్న చాలా ముఖ్యం. ఇంట్లో సంపాదన ఆగితే మీరు ఎన్ని నెలలు ఓపిక పట్టగలరు?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీ గాయం చివరికి ఎలా మిగులుతుందో డాక్టర్ చెప్పగలిగే స్థితికి వచ్చిందా? ఎముక అతికిందని ఎక్స్‌రేలో కనిపించడం వేరు, మెట్లెక్కగలగడం వేరు. కాలు ఎంత వంగుతుందో తేలకముందు ఒప్పుకున్న మొత్తం దాదాపు ఎప్పుడూ తక్కువే అవుతుంది.

దారులన్నీ ఒకచోట

| దారి | ఎవరికి సరిపోతుంది | తప్పు నిరూపించాలా | వచ్చేది |
|---|---|---|---|
| ట్రిబ్యునల్, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టు (మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166) | బండి తెలిసి, తప్పు వాళ్లదైనప్పుడు | అవును | నష్టాన్ని బట్టి, పైపరిమితి లేదు |
| అదే చట్టంలో సెక్షన్ 164 | బండి తెలుసు, తప్పెవరిదో తేలనప్పుడు | అక్కర్లేదు | మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు |
| గుద్ది పారిపోయిన కేసు | బండి ఏదో తెలియనప్పుడు | అక్కర్లేదు | మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు |
| పని మీద గాయం | డ్యూటీలో ఉన్న కార్మికులకు | అక్కర్లేదు | జీతం, వయసు, పోయిన శక్తిని బట్టి |
| సొంత ప్రమాద బీమా | మీ బండి మీరే నడుపుతూ పడ్డప్పుడు | అక్కర్లేదు | పాలసీలో రాసినంత |
| వినియోగదారుల కమిషన్ | వైద్యంలో నిర్లక్ష్యం జరిగినప్పుడు | అవును | నష్టాన్ని బట్టి |

ట్రిబ్యునల్: ఆలస్యం, కానీ పూర్తి లెక్క

మోటారు వాహనాల చట్టం, 1988 కింద వేసే ఈ కేసునే మన కోర్టుల్లో ఎంవీఓపీ అంటారు, మాటల్లో "ఓపీ వేశాం" అంటాం. ప్రమాదం జరిగిన చోట వేయొచ్చు, మీరు ఉండే చోట వేయొచ్చు, ఎదుటి పక్షం ఉండే చోటా వేయొచ్చు. మన జిల్లాలవాళ్లకి ఇది పెద్ద సదుపాయం. రాణిపేట దగ్గర గుద్దుకున్నా, ఎఫ్ఐఆర్ తమిళంలో ఉన్నా, చిత్తూరు మనిషి చిత్తూరులోనే కేసు వేసుకోవచ్చు. అలాగే దర్శనానికి వచ్చి ఘాట్ రోడ్డు మీద గాయపడ్డ కరీంనగర్ కుటుంబం ప్రతి వాయిదాకీ తిరుపతి రానక్కర్లేదు.

గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. దీని మీద సుప్రీంకోర్టులో సవాలు ఉన్న మాట నిజమే. దాన్ని నమ్ముకుని మాత్రం ఆగకండి. చికిత్స ఇంకా నడుస్తున్నా ఓపీ వేసేయొచ్చు, బిల్లులు తర్వాత కలపొచ్చు.

లెక్క ఎలా వేస్తారో ఒక ఉదాహరణతో చూద్దాం. ముప్పై ఏళ్ల వ్యాన్ డ్రైవర్, నెలకు 15 వేలు. కాలి గాయం వల్ల సంపాదించే శక్తి 20 శాతం పోయిందని తేలింది. 40 ఏళ్ల లోపు వాళ్లు సొంత పనో, స్థిర జీతం పనో చేస్తుంటే భవిష్యత్ ఎదుగుదల కింద 40 శాతం కలుపుతారు, అంటే 21 వేలు. దాన్ని 12తో హెచ్చిస్తే ఏడాదికి 2,52,000. దీన్ని వయసుని బట్టి ఉండే అంకెతో (గుణకం) హెచ్చిస్తారు, ముప్పై ఏళ్లకి అది 17. మొత్తం 42,84,000లో 20 శాతం, అంటే 8,56,800. ఇది సంపాదన నష్టం ఒక్కటే. ఆసుపత్రి ఖర్చు, తోడున్న మనిషి ఖర్చు, నొప్పికీ బాధకీ ఇచ్చేది, పని లేని నెలల జీతం దీనికి అదనం. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కూడా వేస్తారు.

ఇక్కడే ఒక మెలిక. డాక్టర్ ఇచ్చే వైకల్య సర్టిఫికెట్‌లో "కాలికి 40 శాతం వైకల్యం" అని ఉంటే సంపాదన కూడా 40 శాతమే పోయినట్టు కాదు. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాని స్పష్టంగా చెప్పింది: ఆ గాయం ఆ మనిషి చేసే పనిని ఎంత దెబ్బతీసిందన్నదే చూడాలి. కుర్చీలో కూర్చుని పనిచేసే గుమాస్తాకి కాలు బిగుసుకుపోవడం వేరు, రోజూ క్లచ్ తొక్కే డ్రైవర్‌కి వేరు. కాబట్టి మీరు చేసే పనికి రుజువు చాలా విలువైనది: డ్రైవింగ్ లైసెన్స్, బ్యాడ్జి, ఫోన్‌పేలో వచ్చిన కూలి డబ్బు, ఓనర్ రాసిచ్చిన జీతం కాగితం. సర్టిఫికెట్ ఇచ్చిన డాక్టర్ సాక్ష్యానికి వస్తారా అని కూడా ముందే అడిగి ఉంచుకోండి.

ఆర్టీసీ సొంత బస్సు తగిలితే సాధారణంగా ఇన్సూరెన్స్ కంపెనీ ఉండదు, సంస్థ మీదే కేసు వేయాలి. అద్దె బస్సైతే దానికి బీమా ఉంటుంది, ఓనర్‌నీ బీమా కంపెనీనీ కలిపి చేర్చాలి. బస్సు ఏ రకమో ముందే కనుక్కోండి.

ఈ దారిలో ఇబ్బంది కాలమే. మా కేసు రెండేళ్లకు పైగా నడిచింది. ఆపై అవతలివాళ్లు హైకోర్టుకి అప్పీలుకి వెళ్లే వీలూ ఉంది.

తప్పు ఎవరిదో తేలకపోతే: సెక్షన్ 164

మొగిలి ఘాట్ లాంటి చోట మలుపులో రెండు బండ్లు ఢీకొని, సాక్షి ఎవరూ లేక, ఇద్దరూ ఒకరినొకరు అంటున్నారనుకోండి. అప్పుడు ఈ సెక్షన్ పనికొస్తుంది. ఎముక విరిగిందంటే చట్టం దృష్టిలో తీవ్ర గాయమే, 2.5 లక్షలు అడగొచ్చు. ఎవరి నిర్లక్ష్యమో చూపించనక్కర్లేదు.

ఒక్క సంగతి మరిచిపోవద్దు. ఈ డబ్బు ఒప్పుకుని తీసుకుంటే, 166 కింద వేసిన పిటిషన్ అక్కడితో ఆగిపోతుంది. పైన చెప్పిన డ్రైవర్ 2.5 లక్షలకి ఒప్పుకుంటే, 8.5 లక్షల పైచిలుకు లెక్కని వదులుకున్నట్టే. మణికట్టు విరిగి, మూడు నెలల్లో పూర్తిగా కోలుకున్న కాలేజీ కుర్రాడికైతే ఇదే మంచి దారి కావచ్చు.

ఇన్సూరెన్స్ కంపెనీ ఆఫర్, లోక్ అదాలత్

ప్రమాదం సమాచారం అందాక బీమా కంపెనీ ఒక అధికారిని పెట్టి, 30 రోజుల్లో పరిహారం ఆఫర్ చేయొచ్చు. మీరు ఒప్పుకుంటే ట్రిబ్యునల్ దాన్ని రికార్డు చేస్తుంది, అక్కడి నుంచి 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఒప్పుకోకపోతే కేసు మామూలుగా నడుస్తుంది, మీరు కోల్పోయేదేమీ లేదు. ఆఫర్ వినడానికి భయపడక్కర్లేదు. కానీ నెల రోజులకే వచ్చే ఆఫర్‌లో శాశ్వత వైకల్యం లెక్క ఉండే అవకాశం తక్కువని గుర్తుపెట్టుకోండి.

కేసు వేశాక లోక్ అదాలత్‌కి పిలుపు వస్తుంది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. దాని మీద అప్పీలు లేదు, మీకూ లేదు, వాళ్లకీ లేదు. అదే దాని బలం, అదే దాని ప్రమాదం. ఇంట్లో పిల్లల ఫీజులు ఆగిపోయి, అప్పుకి నెలకి మూడు రూపాయల వడ్డీ కడుతున్నవాళ్లకి, పదిహేను నెలల తర్వాత వచ్చే పది కన్నా ఇప్పుడొచ్చే ఏడే మేలు కావచ్చు. నా అభిప్రాయం ఇది: డాక్టర్ సర్టిఫికెట్ చేతికి రాకముందు లోక్ అదాలత్‌లో సంతకం చేయొద్దు. వచ్చాక, పైన చూపినట్టు మీరే లెక్క వేసుకుని కూర్చోండి. కంపెనీ వాళ్లు చెప్పే అంకె దానికి బాగా దగ్గరగా ఉంటే తీసుకోండి.

స్టేషన్ బయట చేసే రాజీ దీనికి పూర్తిగా వేరు. దానికి ఏ కోర్టు ముద్రా ఉండదు, బండి ఓనర్ చేతి నుంచి వచ్చేదే అంతా. ఎంత మంచి మనిషైనా ఆయన ఇవ్వగలిగేది వేలల్లో ఉంటుంది, బీమా కంపెనీ ఇవ్వాల్సింది లక్షల్లో ఉంటుంది. "ఓనర్ పాపం, పేదవాడు" అని జాలిపడి కేసు మానుకునేవాళ్లని చూశాను. బీమా సరిగ్గా ఉంటే పరిహారం కట్టేది ఓనర్ కాదని ఇద్దరికీ తెలియకపోవడమే కారణం.

గుద్ది పారిపోతే

రాత్రి పూట చంద్రగిరి దాటాక లారీ గుద్ది ఆగకుండా పోయింది, నంబరు ఎవరూ చూడలేదు. అప్పుడు ట్రిబ్యునల్ కాదు, రెవెన్యూ ఆఫీసు. 2022 నుంచి అమల్లో ఉన్న పథకం కింద ఆర్డీఓ లేదా తహసీల్దార్ స్థాయి విచారణ అధికారికి దరఖాస్తు ఇస్తే, కలెక్టర్ మంజూరు చేస్తారు. ఎఫ్ఐఆర్, ఆసుపత్రి కాగితాలు, గుర్తింపు కార్డు, బ్యాంకు వివరాలు కావాలి. లాయర్ లేకుండానే చేసుకోవచ్చు.

50 వేలు చాలా తక్కువ. అందుకే దరఖాస్తు ఇచ్చి కూర్చోకుండా టోల్ గేటు, పెట్రోల్ బంకు, డాబా కెమెరాల ఫుటేజీ కోసం మొదటి వారంలోనే పోలీసులని అడగండి. చాలాచోట్ల కొన్ని రోజులకే ఫుటేజీ చెరిగిపోతుంది. బండి దొరికితే మామూలు క్లెయిమ్‌కి వెళ్లొచ్చు, ముందు వచ్చిన డబ్బు అందులో సర్దుతారు.

డ్యూటీలో ఉండగా అయితే

కార్మికుల పరిహార చట్టం, 1923 ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. లేబర్ డిపార్ట్‌మెంట్ అధికారి దగ్గర క్లెయిమ్ వేయాలి, గడువు రెండేళ్లు. ఎవరి తప్పో చూడరు, పని మీద ఉండగా గాయమైందా అన్నదే చూస్తారు.

మళ్లీ మన డ్రైవర్‌నే తీసుకుందాం. 15 వేల జీతంలో 60 శాతం, అంటే 9 వేలు. ముప్పై ఏళ్లకి పాత చట్టం పట్టికలోని అంకె 207.98. రెంటినీ హెచ్చిస్తే 18,71,820. అందులో 20 శాతం 3,74,364, చికిత్స ఖర్చు వేరు. ట్రిబ్యునల్ లెక్కలో సగం కూడా కాదు.

అయినా కొందరికి ఇదే సరైన దారి. భాకరాపేట ఘాట్‌లో బ్రేకులు పట్టక వ్యాన్ లోయలోకి దిగిపోయింది, వేరే బండి ఏదీ లేదు. నడిపింది ఈ డ్రైవరే. 166 కింద తప్పు ఎవరి మీద చూపిస్తాడు? ఓనర్ మీద ఈ దారిలో వెళ్లడమే అతనికి క్షేమం. ఎదుటి బండిదే తప్పైతే మాత్రం ట్రిబ్యునల్‌కి వెళ్లాలి. రెండు చోట్లా తీసుకోవడానికి చట్టం ఒప్పుకోదు, ఏదో ఒకటి ఎంచుకోవాల్సిందే. ఆ ఎంపిక చేసే ముందే లాయర్‌ని కలవండి.

ఈఎస్ఐ (ఉద్యోగుల రాష్ట్ర బీమా) ఉన్నవాళ్లు యజమాని మీద ఈ పరిహారం అడగలేరు, ఈఎస్ఐ నుంచే వస్తుంది. పనికి వెళ్లలేని రోజులకి జీతంలో 90 శాతం దాకా ఇస్తారు. ప్రమాదం రిపోర్టు కంపెనీ పంపిందా లేదా అని కాంట్రాక్టు కార్మికులు తప్పక కనుక్కోవాలి.

ఎవరూ గుద్దకుండా మీరే పడితే

కుక్క అడ్డొచ్చి పడ్డారు, ఇసుకలో జారారు. ట్రిబ్యునల్‌లో అడగడానికి ఎదుటి మనిషే లేడు. అప్పుడు బండి పాలసీలో ఓనర్-డ్రైవర్ ప్రమాద బీమా ఉందేమో చూడండి. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి 15 లక్షలు, ఒక కాలో చెయ్యో కన్నో పోతే అందులో సగం. మామూలు ఫ్రాక్చర్‌కి ఇది రాదు.

బ్యాంకు పాస్‌బుక్ కూడా తీయండి. ఏడాదికోసారి 20 రూపాయలు కట్ అయినట్టు ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా. మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. ట్రిబ్యునల్‌లో కేసు ఉన్నా ఇది విడిగా వస్తుంది. చనిపోయినవాళ్ల ఇళ్లలో ఈ 20 రూపాయల సంగతి ఎవరికీ తెలియక వదిలేసుకున్న సందర్భాలు నాకు తెలుసు.

వెనక కూర్చున్నవాళ్లకి ఒక మాట. బండికి థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే, ఆ బండి బీమా నుంచి వెనక కూర్చున్న మనిషికి పరిహారం రావడం కష్టం. ప్యాకేజీ (కాంప్రహెన్సివ్) పాలసీ ఉంటే వస్తుంది. ఎదుటి బండిది తప్పైతే ఈ తేడా లేదు.

గాయం కన్నా వైద్యమే ఎక్కువ నష్టం చేస్తే

ఇది వేరే దారి, దీన్ని ప్రమాదం కేసుతో కలపొద్దు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనుకుంటే వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. చిత్తూరుతో పాటు తిరుపతిలోనూ కమిషన్ ఉంది. ఆసుపత్రికి కట్టిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మీద ఇక్కడ వేయడానికి కుదరదు. ఇంకో డాక్టర్ రాతపూర్వక అభిప్రాయం లేకుండా ఈ కేసు గెలవడం చాలా కష్టం. ఫలితం బాగోలేదన్నంత మాత్రాన నిర్లక్ష్యం అయిపోదు.

లాయర్, కాగితాలు

ఆసుపత్రి గేటు దగ్గరే వచ్చి "మీరు రూపాయి పెట్టక్కర్లేదు, వచ్చినదాంట్లో ముప్పై శాతం" అనేవాళ్లతో జాగ్రత్త. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి. మా పిన్ని భర్త పోయిన మనిషి, ఇంటి పనులు చేసి బతికేది. ఈ సంగతి మాకు మొదటే తెలిసి ఉంటే ఆమె గాజులు తాకట్టు పెట్టేది కాదు.

మొదటి వారం చికిత్స డబ్బు కోసమే చాలామంది తెల్లకాగితాల మీద సంతకం పెడతారు. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకి, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో, ప్రమాదం నుంచి ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని చికిత్స ఉంది. అడ్మిషన్ కౌంటర్‌లో దాని గురించి అడగండి.

కాగితాలన్నీ ఒకే ఫైల్లో ఉంచండి: ఎఫ్ఐఆర్, వూండ్ సర్టిఫికెట్, ఎంవీఐ రిపోర్టు (బండిని తనిఖీ చేసిన రవాణా శాఖ అధికారిది), ఛార్జిషీటు, డిశ్చార్జి సమ్మరీ, ప్రతి ఎక్స్‌రే, మందుల బిల్లులు, వేలూరు వెళ్లొచ్చిన కారు బాడుగ రసీదు కూడా. మెడికల్ షాపు బిల్లుల మీద సిరా ఆరు నెలల్లో మాసిపోతుంది. వచ్చిన రోజే ఫోన్‌లో ఫోటో తీసి, జిరాక్స్ వేయించి, అసలు దానికి పిన్ను కొట్టి పెట్టండి. మా ఫైల్లో పదకొండు బిల్లులు తెల్లగా మిగిలాయి, వాటికి రూపాయి కూడా రాలేదు.